సైన్యం దిగిపోయే ముందు ప్రతిపక్షం ఏం సిద్ధం చేసుకోవాలి? చిలీకి కుదిరింది, బర్మాకి ఎందుకు కుదర్లేదు?

కంచరపాలెం అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి మా మేడమ్ ఇచ్చిన టాపిక్, సైనిక పాలన ముగిసే దశలో ప్రతిపక్షం చేసే సన్నాహాలు. నేను బర్మా తీసుకున్నాను. కారణం ఇంట్లోనే ఉంది. మా నాన్నమ్మ రంగంలో పుట్టింది (మా ఇంట్లో రంగూన్ అని ఎవరూ అనరు, రంగం అనే అంటారు). 1962లో నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు కదా, 1964లో షాపులు సర్కారువైపోయాయి, యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవన్నారు. మా ముత్తాత పిల్లల్ని వెంటేసుకుని ఓడెక్కి వచ్చేశాడు. బర్మా క్యాంపులో స్థిరపడ్డ కుటుంబం మాది. ఆ చెల్లని వంద నోటు ఒకటి నాన్నమ్మ ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది.

చదువుతుంటే ఒక విషయం తగిలింది. 1988 సెప్టెంబర్ 18న బర్మాలో సైన్యం జనాన్ని అణిచేసి మళ్ళీ నేరుగా గద్దెనెక్కింది. సరిగ్గా 17 రోజులకి, అక్టోబర్ 5న, చిలీలో జనం ఓటేసి సైనిక నియంత పినోచెట్‌కి వద్దని చెప్పేశారు. ఒకే ఏడాది, ఒకటి అలా, ఇంకోటి ఇలా. అందుకని రెండూ పోల్చి రాద్దామనుకుంటున్నాను.

నాకు దొరికినవన్నీ ఊరేగింపులు, ఉపన్యాసాలు, కాల్పుల కథలే. నాకు కావాల్సింది వేరు. ప్రతిపక్షం వాళ్ళు పొద్దున్నే టిఫిన్ చేసి వెళ్ళి ఒక గదిలో కూర్చుని చేసిన పని ఏమిటి? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

విజయనగరం లెక్చరర్ (రిటైర్డ్):

అమ్మాయ్, టిఫిన్ చేసి కూర్చుని చేసిన పని ఏమిటన్నావే, ఆ ప్రశ్న పట్టుకో, వదలకు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఒక్క పిల్లాడూ అలా అడగలేదు.

నేను చిలీని పుస్తకాల్లోంచి చెప్పేవాణ్ణి గానీ, అది నాకు ఒంటబట్టింది ఎలక్షన్ డ్యూటీల వల్ల. 1983 అసెంబ్లీ ఎన్నికలతో మొదలుపెట్టి రిటైరయ్యేదాకా ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ వెయ్యని ఎన్నిక లేదు నాకు. ఏజెన్సీ ఊళ్ళలో బడి వరండాలో పడుకున్నాను, లక్క కరిగించి వేళ్ళు కాల్చుకున్నాను. అక్కడ నేను చూసింది ఒకటుంది. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్క రాసి, ఆ నకలు మీద సంతకం చేసి, ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలి. ఇప్పుడు దాన్ని ఫారం 17సి అంటారు. పొద్దున్న ఏడింటికి కండువా సర్దుకుంటూ వచ్చి, నా పెన్ను కదిలితే అభ్యంతరం చెప్పిన ఏజెంటు, సాయంత్రం ఆ కాగితం ఇచ్చే వేళకి కనపడడు. బయటికెళ్ళి కేకలేసి పిలిపించుకున్న రోజులున్నాయి. రోజంతా కాపలా కాసేది ఆ కాగితం కోసమేనని వాళ్ళకి ఎవరూ చెప్పి పంపరు.

చిలీ ప్రతిపక్షం చెప్పి పంపింది. నీ పేపర్‌కి అసలు విషయం ఇదే అనుకుంటాను.

కాస్త వెనక్కి వెళ్దాం. 1973 సెప్టెంబర్ 11న సోషలిస్టు అధ్యక్షుడు అయెండే మీద సైన్యం తిరుగుబాటు. ఆ తర్వాత సైన్యం ఓటర్ల జాబితాలనే నాశనం చేసింది. 1980లో పినోచెట్ తన రాజ్యాంగాన్ని జనం ముందు పెట్టి ఆమోదం పొందానన్నాడు, అప్పుడు ఓటరు జాబితా అన్నదే లేదు. జాబితా లేని చోట రిగ్గింగ్ అన్న మాట కూడా చిన్నదే. అయితే ఆ రాజ్యాంగం చివర్లో తాత్కాలిక నిబంధనలని కొన్ని రాసుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత సైన్యాధిపతులు ఒక్క పేరు ప్రతిపాదిస్తారు, జనం 'అవును' అనో 'కాదు' అనో ఓటెయ్యాలి. కాదంటే ఏడాదిలో మామూలు ఎన్నికలు. తనే గెలుస్తానన్న ధీమాతో రాసుకున్న నిబంధన అది.

ప్రతిపక్షానికి అక్కడ పెద్ద చిక్కొచ్చి పడింది. ఆ రాజ్యాంగమే దొంగది అంటున్నవాళ్ళు అందులోని ఓటుకి ఎలా వెళ్తారు? 1983 మే నుంచి రాగి గని కార్మికుల పిలుపుతో వీధుల్లో నిరసనలు, రాత్రిళ్ళు గిన్నెల మోతలు. మూడేళ్ళు అలా సాగినా ఆయన కదల్లేదు. 1986 సెప్టెంబర్‌లో సాయుధ వామపక్షం ఒకటి పినోచెట్ కాన్వాయ్ మీద దాడి చేసింది, ఆయన బతికాడు, అణచివేత పెరిగింది. ఈలోగా 1984లోనే క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు పాట్రిసియో ఐల్విన్ ఒక సదస్సులో ఓ మాటన్నాడు. ఆ రాజ్యాంగం న్యాయమైనదా కాదా అన్న గొడవ పక్కన పెడదాం, అది ఉందన్నది మాత్రం వాస్తవం, అక్కణ్ణుంచి మొదలుపెడదాం అని. సొంతవాళ్ళే చాలామంది లొంగిపోయాడన్నారు. (ఇదే ఐల్విన్ 1973లో అయెండేకి బద్ధ వ్యతిరేకి. అయెండే పార్టీవాళ్ళూ ఇతనూ ఒక బల్ల దగ్గర కూర్చోడానికి పదేళ్ళు దాటింది. ప్రవాసంలో ఉన్న సోషలిస్టులు తూర్పు జర్మనీ, ఇటలీ, స్వీడన్ చూసి మారడానికీ అంతే పట్టింది. ఐక్యత అనేది తీర్మానం రాస్తే వచ్చేది కాదని పేపర్లో రాయి.)

ఇక నువ్వడిగిన గది సంగతి. గదులు నాలుగైదున్నాయి.

మొదటిది లాయర్లది. 1978లోనే 24 మంది కలిసి 'ఇరవై నలుగురి బృందం' అని ఏర్పడి, ప్రజాస్వామ్య రాజ్యాంగం ఎలా ఉండాలో చర్చించడం మొదలుపెట్టారు. ఐల్విన్ అందులో వాడే. పదేళ్ళ ముందు, గమనించు.

రెండోది ఆర్థికవేత్తలది. సియెప్లాన్ అని 1976లో పెట్టారు, అలెహాంద్రో ఫోక్స్‌లీ పెద్ద. పార్టీలు నిషేధంలో ఉన్నా పరిశోధన సంస్థకి బోర్డు పెట్టుకోవచ్చు. ఊరికే తిట్టిపొయ్యకుండా, రేపు బడ్జెట్ మన చేతికొస్తే ఏ పన్ను ఎంత పెంచాలి, కార్మికులు ఎంతకి ఒప్పుకుంటారు, వ్యాపారులు ఎక్కడ భయపడతారు అని లెక్కలు వేశారు. 1990లో ఫోక్స్‌లీయే ఆర్థికమంత్రి. వచ్చిన ఏడాదే, ప్రతిపక్షంలోకి వెళ్ళిన మితవాద (రైటిస్టు) పార్టీతో బేరమాడి, అమ్మకం పన్ను 16 నుంచి 18 శాతానికి పెంచి, ఆ డబ్బు సంక్షేమానికి పెట్టారు. ధరలు ఆకాశానికంటి సైన్యమే నయం అనిపించే పరిస్థితి రాకుండా చూసుకోవడం వాళ్ళ అసలు భయం.

మూడోది చర్చిది. కార్డినల్ సిల్వా 1976లో పెట్టిన వికారియా సంస్థలో, సైన్యం పట్టుకుపోయాక మాయమైనవాళ్ళ తరఫున కోర్టులో వేసిన ప్రతి అర్జీ నకలూ దాచారు. కోర్టులు కొట్టేశాయి, అయినా దాచారు. ఐల్విన్ అధ్యక్షుడయ్యాక ఆ అకృత్యాల మీద వేసిన రెట్టిగ్ కమిషన్ ఒక్క ఏడాదిలోపే నివేదిక ఇవ్వగలిగిందంటే ఆ బీరువాలే కారణం.

నాలుగోది నాకు ఇష్టమైనది, ఓటర్ల గది. 1987 ఫిబ్రవరిలో కొత్త ఓటరు నమోదు తెరిచారు. పేరు రాయించుకోవాలంటే కొత్త గుర్తింపు కార్డు ఉండాలి, దానికి డబ్బు కట్టాలి. బస్తీల్లో జనానికి అది కూడా భారమే. పైగా పేరిస్తే పోలీసులొస్తారేమోనని భయం. ఇల్లిల్లూ తిరిగి, ఓటు రహస్యమేనని నమ్మించి, దాదాపు 74 లక్షల మందిని జాబితాలోకి ఎక్కించారు. అర్హుల్లో పదింట తొమ్మిది మందికి పైనే.

ఇంకో మెలిక ఉంది. పోలింగ్ బల్ల దగ్గర ఏజెంటుని కూర్చోబెట్టాలంటే పార్టీకి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి ముప్ఫై వేలకు పైగా మనుషులు పేరూ సంతకమూ ఇవ్వాలి, ఆ పేర్లు సర్కారు చేతికే వెళ్తాయి. సోషలిస్టులకి సొంత పేరుతో ఆ అవకాశం లేదు. వాళ్ళ నాయకుడు రికార్డో లాగోస్ 1987 డిసెంబర్‌లో వేరే కొత్త పార్టీ పెట్టించాడు, ప్రధానంగా ఈ పని కోసమే. 1988 ఫిబ్రవరిలో పదమూడు పార్టీలు 'కాదు' కూటమిగా ఏర్పడ్డాయి. టీవీలో రోజూ రాత్రి పొద్దుపోయాక పదిహేను నిమిషాలు ఇచ్చారు, ఇంద్రధనుస్సు గుర్తుతో నవ్వు మొహాల ప్రకటనలు వేశారు. అందరూ రాసేది దాని గురించే, నువ్వు రెండు వాక్యాల్లో దాటెయ్.

ఓటింగ్ రోజు ఇరవై రెండు వేలకు పైగా బల్లలు. మగవాళ్ళకి వేరే, ఆడవాళ్ళకి వేరే. మనలా పెట్టెలు మోసుకెళ్ళి ఇంకోచోట లెక్కపెట్టరు, ఆ బల్ల మీదే అందరి ముందూ విప్పి లెక్కిస్తారు. ఏజెంటు ఆ లెక్క రాసుకుని, తన కేంద్రానికి చేర్చాలి. ఫోన్లు, ఫ్యాక్సులు, మోటారు సైకిళ్ళు. రాజధాని సాంటియాగోలో కంప్యూటర్లు పెట్టుకుని ఆ లెక్కలన్నీ కూడారు. రాత్రి ప్రభుత్వం ఎంపిక చేసిన కొద్ది బల్లల ఫలితాలు మాత్రం చదివి 'అవును' ముందుందని చెప్పి, తర్వాత నోరు మూసుకుంది. ప్రతిపక్షం దగ్గర సొంత లెక్క ఉంది కాబట్టి జనాన్ని వీధుల్లోకి రావద్దని, ఇంట్లోనే ఉండమని చెప్పగలిగింది. లెక్క లేకపోతే ఆ మాట చెప్పే ధైర్యం ఉండదు, జనం ఎగబడేవాళ్ళు, సైన్యానికి కావాల్సింది అదే. అర్ధరాత్రి దాటాక వైమానిక దళాధిపతి మత్తెయి అధ్యక్ష భవనంలోకి వెళ్తూ, 'కాదు' గెలిచినట్టే తనకి తోస్తోందని విలేకరులతో అనేశాడు. లోపల పినోచెట్ అదనపు అధికారాలు అడిగితే తను ఒప్పుకోలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. చెల్లిన ఓట్లలో 'కాదు' దాదాపు 56 శాతం.

చాలా రాసేశాను. బర్మా గురించి రాత్రికి రాస్తాను, మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది.

సూటిగా మాట్లాడతా:

మాస్టారూ, అంతా బానే ఉంది. మరి ఆ 'కాదు' ప్రచారానికి అమెరికా డబ్బిచ్చిన సంగతి వదిలేశారే? 1973లో అయెండేని దించడానికి తోడ్పడిందీ వాళ్ళే. దింపేదీ వాళ్ళే, ఎక్కించేదీ వాళ్ళే అయితే ఇందులో ప్రతిపక్షం గొప్పేముంది?

విజయనగరం లెక్చరర్ (రిటైర్డ్):

వదిలెయ్యలేదు బాబూ, అక్కడిదాకా రాలేదు. అమెరికా కాంగ్రెస్ పది లక్షల డాలర్లు ఇచ్చిన మాట నిజం. ఓటరు నమోదుకీ, సర్వేలకీ, లెక్కింపు ఏర్పాట్లకీ ఉపయోగపడింది. నిక్సన్ కాలంలో వాళ్ళు చేసిన పాపమూ నిజమే. కానీ డాలరు వెళ్ళి బస్తీలో ముసలమ్మని గుర్తింపు కార్డు తీయించుకోమని బతిమాలదు కదా. ఆ పని చేసినవాళ్ళు స్థానికులు. నా అభ్యంతరం ఇంకోచోట ఉంది, అది చిలీవాళ్ళు చెల్లించిన ధర. చివర్లో చెప్తాను.

యాంగాన్‌లో ఏడేళ్ళు:

సార్ బర్మా భాగం రాసేలోపు నేను చూసింది చెప్తాను. ఒక మందుల కంపెనీ తరఫున 2013 నుంచి 2020 దాకా యాంగాన్‌లో (రంగూన్‌కి ఇప్పటి పేరు) ఉన్నాను.

2015 నవంబర్‌లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ గెలిచిన రోజు మా గోడౌన్ కుర్రాళ్ళు ఏడ్చారు. మర్నాటి నుంచి అంతా మారిపోతుందనుకున్నాం. నాకు మాత్రం పెద్దగా ఏమీ మారలేదు. ఇంటికి చుట్టం వచ్చి రాత్రి ఉంటే వార్డు ఆఫీసులో పేరు రాయించాలన్న నిబంధన ఒక్కటి 2016లో తీసేశారు, మిగతాదంతా పాతదే. లైసెన్సు కాగితానికీ, సిఫార్సు చీటీకీ టౌన్‌షిప్ ఆఫీసుకే పోవాలి. అక్కడ కూర్చున్న అధికారి హోం శాఖ మనిషి. హోం మంత్రిని నియమించేది గెలిచిన పార్టీ కాదు, సైన్యాధిపతి. 2008 రాజ్యాంగం ప్రకారం రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాలు మూడూ ఆయనవే. పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు యూనిఫాం వాళ్ళవి, రాజ్యాంగం మార్చాలంటే 75 శాతం దాటాలి. ఇంకేం మారుతుంది? ఊళ్ళల్లో పాలన నడిపే ఆ విభాగాన్ని హోం శాఖ నుంచి పౌర ప్రభుత్వం కిందికి తేవడానికి 2018 డిసెంబర్ దాకా పట్టింది.

సూకీ అధ్యక్షురాలు కాకుండా అడ్డంపడ్డ నిబంధన చుట్టూ దారి వెతికి, స్టేట్ కౌన్సెలర్ పదవి ఆలోచన ఇచ్చిన లాయర్ కో నీ. 2017 జనవరి 29న యాంగాన్ విమానాశ్రయం బయట మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డ మనిషిని కాల్చి చంపారు. హంతకుణ్ణి తరిమిన టాక్సీ డ్రైవర్ కూడా చనిపోయాడు. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ రాజకీయం మాట్లాడలేదు. రాజ్యాంగం మార్చడమెలాగో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళ తర్వాత ఎవరు అన్నది నాకు అప్పుడు తట్టిన ప్రశ్న. పార్టీలో చిన్నాపెద్దా అన్నీ 'అమే సూ' (సూ అమ్మ, అంటే సూకీ) దగ్గరికే పోయేవి. మొదట్లో ఆవిడ ఒక్కతే నాలుగు మంత్రిత్వ శాఖలు పట్టుకుంది.

2020 నవంబర్‌లో ఇంకా కాసిని ఎక్కువ సీట్లతో గెలిచారు. కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన రోజే, 2021 ఫిబ్రవరి 1న, సైన్యం అందర్నీ పట్టుకుపోయింది. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్ కలిశాక మా పాత ఇంటి ఓనరమ్మ మాట్లాడుతూంటే వెనక ఒకటే గిన్నెల మోత. రాత్రి ఎనిమిదింటికి వీధంతా కొడుతున్నారంది. అక్కడ దయ్యాన్ని తోలడానికి అలా కొడతారట. చిలీ గిన్నెల సంగతి చదివితే అది గుర్తొచ్చింది.

విజయనగరం లెక్చరర్ (రిటైర్డ్):

చూశావా అమ్మాయ్, టౌన్‌షిప్ ఆఫీసు సంగతి నా పుస్తకాల్లో ఇంత బాగా లేదు. అనుమతి అడిగి పేపర్లో వాడుకో.

నా వంతు బర్మా. పొద్దున్న నేను లెక్క కాగితం గురించి అంత చెప్పాను, బర్మా దగ్గర అది చాలదు. 1990 మే 27న ఎన్నికలు జరిపారు. సూకీ గృహనిర్బంధంలో ఉంది, అయినా 485 సీట్లలో 392 ఆమె పార్టీకే. సైన్యం ఆ లెక్క కాదనలేదు కూడా, ఫలితాలు తనే ప్రకటించింది. మరెందుకు దిగలేదు? గెలిస్తే ఏమవుతుందో ముందుగా ఎక్కడా రాసి లేదు. 1974 రాజ్యాంగం అప్పటికే పోయింది, కొత్తది లేదు. రెండు నెలల తర్వాత, జూలైలో, తీరిగ్గా ఒక ప్రకటన ఇచ్చారు. మీరు గెలిచింది రాజ్యాంగం రాయడానికే, పాలించడానికి కాదు అని. చిలీలో 'కాదు' అంటే ఏడాదిలో ఎన్నికలు అన్నది పినోచెట్ సంతకంతో ఉన్న కాగితం. మత్తెయి లాంటివాడు దాన్ని చూపించి, మన మాట మనమే తప్పుతామా అనగలిగాడు. శత్రువు రాసిన కాగితమైనా సరే, వాడి ఇంట్లోవాళ్ళు కూడా కాదనలేనిది ఒకటి ఉండాలి. బర్మాలో అటువంటిది లేదు. 2008లో ఒకటి వచ్చింది గానీ, దాన్ని సైన్యం తను దిగడానికి కాక, దిగకుండా ఉండటానికి రాసుకుంది.

రెండు దేశాలకీ ఇంకో తేడా నువ్వు మర్చిపోకూడదు. చిలీలో 'దేశమంటే ఎవరు' అన్న తగాదా 1988లో అంతగా లేదు. బర్మాలో సరిహద్దు జాతులకి స్వయంపాలన మాటిచ్చిన 1947 పాంగ్లాంగ్ ఒప్పందం నాటి బాకీలు ఇంకా తీరలేదు. ఆ జాతులకి సొంత సైన్యాలున్నాయి. సమాఖ్య గురించి ముసాయిదాలు రాసినవాళ్ళు ప్రవాసంలో ఉన్నారు. యాంగాన్‌లో గెలిచిన పెద్ద పార్టీ 2015 నుంచి 2020 మధ్య సదస్సులు పెట్టింది గానీ, అది తేల్చలేకపోయింది. 2017లో రోహింగ్యాలను తరిమినప్పుడు నోరు విప్పలేదు, పైగా 2019లో సూకీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళి దేశం తరఫున వాదించింది. 2021 మార్చి 31న, పదవి పోయిన రెండు నెలలకి, సమాఖ్య ప్రజాస్వామ్య చార్టర్ వచ్చింది, ఏప్రిల్ 16న సైన్యానికి పోటీగా జాతీయ ఐక్యతా ప్రభుత్వం. చిలీ లాయర్లు పదేళ్ళ ముందు కూర్చున్నారు, వీళ్ళు కాల్పుల మధ్య కూర్చోవాల్సి వచ్చింది. నేను వాళ్ళని తప్పుపట్టడం లేదు, ఆ కాలంలో కూర్చోవడమే ఒక సాహసం.

చిలీ చెల్లించిన ధర అన్నాను కదా. పినోచెట్ దిగిపోయింది అధ్యక్ష పదవి నుంచే. 1998 మార్చి దాకా సైన్యాధిపతిగా ఉన్నాడు, ఆ పైన జీవితకాల సెనేటర్. ఎన్నిక లేకుండా నియమించిన తొమ్మిది మంది సెనేటర్లు సభలో. రాగి కంపెనీ అమ్మకాల్లో పదో వంతు సైన్యానికి. ఐల్విన్ అధ్యక్షుడయ్యాక సైన్యం 1990 డిసెంబర్‌లో ఒకసారి బ్యారక్‌లలోనే సిద్ధంగా నిలబడి, 1993 మేలో ఒకసారి యుద్ధ దుస్తుల్లో బయటికొచ్చి బెదిరించింది. న్యాయం 'సాధ్యమైనంత మేరకు' అని ఐల్విన్ అన్నమాట బాధితుల కుటుంబాలకి ఇప్పటికీ మంట. నా అభిప్రాయం అడిగితే, ఆ బేరం తప్పలేదు గానీ, దాన్ని అంత ఎక్కువ కాలం సాగనివ్వడం తప్పు. నియమిత సెనేటర్లను తీసెయ్యడానికి 2005 దాకా పట్టింది. మా క్లాసులో దీని మీద పిల్లలు రెండు జట్లై కొట్టుకునేవాళ్ళు, నువ్వు నీ వైపు నువ్వు తేల్చుకో.

కంచరపాలెం అమ్మాయి:

సార్, చాలా థాంక్స్. అన్నయ్యా, మీ టౌన్‌షిప్ ఆఫీసు సంగతి వాడుకుంటాను, పేరు లేకుండానే. మేడమ్‌కి చూపించాను, టైటిల్ మార్చుకోమన్నారు. లెక్క కాగితం, మాట కాగితం అని రెండు భాగాలుగా పెట్టాను.

నిన్న రాత్రి నాన్నమ్మకి ఇదంతా చదివి వినిపించాను. మత్తెయి దగ్గరికి రాగానే ఆపమంది. మా బాబాయి పోయిన ఎన్నికల్లో ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఆయన పక్క మంచం మీదే పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఒరే, ఆ మాస్టారు చెప్పే కాగితం నువ్వు తెచ్చావా అని అడిగింది. బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, సాయంత్రం ఆరింటికి బిర్యానీ ప్యాకెట్లు వచ్చాయని ఎవరో పిలిస్తే వెళ్ళానమ్మా అన్నాడు.

విజయనగరం లెక్చరర్ (రిటైర్డ్):

ఆ బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్ గొంతు పోయేలా అరిచే ఉంటాడు. ఆ వంద క్యాట్ నోటు ఫోటో ఒకటి పెట్టు తల్లీ, చూడాలనుంది.